'ఏటి?' అని అడగనిచ్చే చదువు

ఏ బళ్లో వెయ్యాలని అందరూ అడుగుతారు. అసలు చదువు ఎందుకని ఎవరూ అడగరు. మేనకోడలి ఆరో తరగతి పుణ్యమా అని నేను ఆ రెండో ప్రశ్న దగ్గర ఆగాల్సి వచ్చింది.

పొద్దున ఆరున్నర, ఏడున్నర మధ్య లంకెలపాలెం జంక్షన్లో రెండు రకాల బస్సులు కనిపిస్తాయి. ఒకటి, పరవాడ వైపు వెళ్లే కంపెనీ బస్సులు. వాటి నిండా ఫార్మా సిటీలో షిఫ్టుకి వెళ్లేవాళ్లు. రెండు, పరవాడ నుంచి గాజువాక వైపు వెళ్లే స్కూలు బస్సులు. మొదటి బస్సు ఎక్కే నాన్న జీతంలో పెద్ద ముక్క రెండో బస్సు ఎక్కే పిల్ల ఫీజుకి పోతుంది. ఎందుకంటే ఆ పిల్ల పెద్దయ్యాక మొదటి బస్సు ఎక్కకూడదు.

మా వైపు చదువు గురించి ఎవరూ పుస్తకాలు రాయలేదు గానీ, ఉన్న సిద్ధాంతం మాత్రం ఇదే. ఇందులో వెక్కిరించడానికి ఏమీ లేదు. ఎండలో, ఘాటు వాసనలో పన్నెండేళ్లు పనిచేసిన మనిషి తన కూతురికి అది వద్దనుకోవడం ప్రేమే. నేనూ ఆ రెండో బస్సు ఎక్కి చదివినవాణ్ణే. ఇంజినీరింగ్ చేసి సాఫ్ట్‌వేర్‌లో పడ్డాను. వారంలో మూడ్రోజులు విశాఖ ఆఫీసుకి వెళ్తాను, మిగతా రోజులు పరవాడలో ఇంట్లోంచే పని.

మొన్న వేసవిలో అక్క అడిగింది. "పాప ఆరుకొస్తోంది. గాజువాకలో ఐఐటీ ఫౌండేషన్ ఉన్న స్కూల్లో వేద్దామా, ఇక్కడే ఉంచుదామా? ఇంట్లో ఇంజినీరువి నువ్వే కదా, చెప్పు."

స్కూలు పేరు చెప్పడం తేలికే. కానీ ఎందుకు ఆ స్కూలో చెప్పాలంటే, చదువు వల్ల పాపకి ఏం రావాలని నేను అనుకుంటున్నానో ముందు తేల్చుకోవాలి. ఫోన్లో నోట్స్ తెరిచి రాయడం మొదలుపెట్టాను. రెండు నెలల్లో చాలా రాసి, చాలా కొట్టేశాను. చివరికి మూడు మాటలు మిగిలాయి. అవి మీ ఇంట్లోనూ పనికొస్తాయేమో చూడండి.

ఒకటి: పిల్లకి నోరు తిరిగే భాషలో ప్రశ్న పుట్టాలి

ఆదివారం పొద్దున మా డాబా మీద ఆరేడుగురు పిల్లలకి లెక్కలు, సైన్సు చెప్తుంటాను. వాళ్లలో కొందరివి ప్రభుత్వ బడి పుస్తకాలు. 2020-21 నుంచి మన రాష్ట్రంలో వచ్చిన పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ అదే పాఠం తెలుగులో ఉంటుంది. పిల్లలు వాటిని ఎలా చదువుతారో చూస్తే సరదాగా ఉంటుంది. తెలుగు పేజీలో అర్థం చేసుకుంటారు, ఇంగ్లీషు పేజీలో అండర్‌లైన్ చేస్తారు. ఒకటి బుర్రకి, ఇంకోటి పరీక్షకి.

కానీ డౌట్ వచ్చినప్పుడు ఏ పేజీ భాషా రాదు. "ఇదేటి ఇలాగుంది?" అని వస్తుంది. మా ఉత్తరాంధ్ర 'ఏటి' ఇంట్లో, సంతలో, క్రికెట్ ఆడేటప్పుడు ధైర్యంగా బయటికొస్తుంది. క్లాసులోకి వెళ్లగానే గొంతులో ఆగిపోతుంది. ఇంగ్లీషులో అడగమంటే రాదు. పుస్తకం తెలుగులో అడగమంటే అదీ రాదు. 'ఏటి' అంటే పక్కవాళ్లు నవ్వుతారు. దాంతో పిల్ల అడగడమే మానేస్తుంది. మనం ఏమనుకుంటాం? డౌట్లు లేవు, బాగా అర్థమైపోయింది అనుకుంటాం.

ఈ సమస్యని నూట ఇరవై, నూట ముప్పై ఏళ్ల క్రితమే పట్టుకున్న మాస్టారు ఒకాయన మన వైపే ఉన్నారు. గిడుగు వెంకట రామమూర్తి. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకునేది ఆయన పుట్టినరోజునే. 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. వాళ్ల నాన్నగారు ఉద్యోగం చేస్తూ చనిపోయింది ఇప్పుడు మా అనకాపల్లి జిల్లాలో ఉన్న చోడవరంలోనే. విజయనగరంలో గురజాడ అప్పారావుతో కలిసి చదువుకుని, 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో ముప్పై రూపాయల జీతానికి టీచర్‌గా చేరారు.

వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం అందరూ బళ్లో చదివే ఉంటారు. నాకు అంతకన్నా పెద్దదిగా కనిపించేది ఆయన సవరల కోసం చేసిన పని. పర్లాకిమిడి చుట్టూ కొండల్లో ఉండే సవరలకి చదువు చెప్పాలనుకున్నారాయన. వాళ్లకి తెలుగు నేర్పి, తర్వాత పాఠం చెప్పొచ్చు. ఎవరైనా చేసేది అదే. ఆయన తిరగేశారు. సవర భాష తెలిసిన ఒక దళితుణ్ణి ఇంట్లో పెట్టుకుని, ముందు తానే సవర నేర్చుకున్నారు. ఆ భాషలో వాచకాలు రాశారు. సొంత ఖర్చుతో బళ్లు పెట్టించారు. ఆ పుస్తకాలకి మద్రాసు ప్రభుత్వం డబ్బు ఇవ్వబోతే, నాకొద్దు, ఆ డబ్బుతో సవర భాషలో చెప్పే బడి పెట్టండి అన్నారు. కొండల్లో తిరిగి జ్వరాలొస్తే వాడిన క్వినైన్ వల్ల ఆయనకి చెవుడొచ్చింది. అయినా ఆపలేదు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది.

ఒక్కసారి ఆలోచించండి. టీచరు, పిల్ల మధ్య ఒక భాష గోడ ఉంది. దాన్ని దాటాల్సింది ఎవరు? ఆరేళ్ల పిల్లా, జీతం తీసుకునే పెద్దమనిషా? గిడుగు జవాబు స్పష్టం. నా నోట్స్‌లో మొదటి మాట ఆయన పుణ్యమే: దాటాల్సింది పెద్దవాళ్లు.

దీనర్థం ఇంగ్లీషు వద్దని కాదు. గిడుగు సవర వ్యాకరణం రాసింది ఇంగ్లీషులోనే. వాడుక భాష ఉద్యమంలో ఆయన పక్కన నిలబడినవాళ్లలో స్కూళ్ల ఇన్‌స్పెక్టర్ యేట్స్ ఇంగ్లీషువాడు. విశాఖ ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్‌దేమో తమిళ కుటుంబం. ఇంగ్లీషు రావాలి, బాగా రావాలి. కానీ అది వచ్చేలోపు పిల్ల నోరు మూతపడిపోకూడదు.

రెండు: తప్పుకి మార్కులు కొయ్యడం కాదు, తప్పు ఏం చెప్తోందో చూడాలి

మా సాఫ్ట్‌వేర్ పనిలో రోజంతా జరిగేది ఒకటే. కోడ్ రాస్తాం, అది పనిచెయ్యదు. స్క్రీన్ మీద ఎర్రగా ఎర్రర్ వస్తుంది. కొత్తగా చేరిన ఫ్రెషర్ ఆ ఎరుపు చూసి కంగారుపడతాడు. సీనియర్ మాత్రం ముందుకు వంగి చదువుతాడు. ఎందుకంటే ఏ లైన్లో, ఏం తేడా కొట్టిందో చెప్పేది ఆ ఎర్రరే. అసలు ప్రమాదం ఎర్రర్ చూపించకుండా తప్పు లెక్క ఇచ్చే ప్రోగ్రామ్‌తో.

బళ్లో దీనికి సరిగ్గా ఎదురు. ఎర్ర ఇంకు పడిందంటే కథ అయిపోయింది. రెండు మార్కులు పోయాయి, పద ముందుకి. ఎందుకు తప్పిందో చూసే టైమ్ ఎవరికీ లేదు, సిలబస్ పరిగెడుతోంది. దాంతో పిల్లలు ఎర్రర్ చూపించని ప్రోగ్రాముల్లా తయారవుతారు. అర్థం కాకపోయినా తలూపుతారు.

మా ఆదివారం బ్యాచ్‌లో ఏడో తరగతి కుర్రాడొకడు సగం, మూడో వంతు కలిపితే రెండు బై అయిదు అని రాశాడు. పైవి పైవాటితో, కిందవి కిందవాటితో కలిపేశాడు. కొట్టేసి సరైన జవాబు రాయించొచ్చు. దాని బదులు, "సగం రొట్టె తిన్నావు. ఇంకా మూడో వంతు తిన్నావు. మొత్తం సగం కన్నా ఎక్కువ తిన్నట్టా, తక్కువ తిన్నట్టా?" అని అడిగాను. "ఎక్కువే" అన్నాడు. "రెండు బై అయిదు సగం కన్నా ఎక్కువా?" వాడు తన జవాబు వైపు చూసి, "అరె, తిన్నాక తగ్గిపోయిందేటి!" అన్నాడు. అందరం నవ్వాం, వాడు కూడా. ఇప్పుడు ఏ లెక్క చేసినా చివర్లో 'ఇది కుదురుతుందా' అని ఒకసారి వెనక్కి చూసుకుంటున్నాడు.

ఇలా ఒక్కొక్కరి తప్పు చూడాలంటే నలభై మంది ఉన్న క్లాసులో కుదురుతుందా అంటారు. నిజమైన ప్రశ్నే. దీనికి జవాబు వెతికినవాళ్లు మదనపల్లె దగ్గర ఉన్నారు. అక్కడ పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనలతో నడిచే రిషి వ్యాలీ స్కూలు పేరు వినే ఉంటారు. అది డబ్బున్నవాళ్ల రెసిడెన్షియల్ స్కూలు అనుకుని వదిలేస్తాం. కానీ దాని చుట్టుపక్కల పల్లెల్లో పేద పిల్లల కోసం చిన్న చిన్న బళ్లు నడిచాయి. ఒకే గది, ఒకే టీచరు, అన్ని తరగతుల పిల్లలూ కలిసి. అక్కడ పద్మనాభరావు, రమ దంపతులు ఒక పద్ధతి తయారుచేశారు.

పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. ఒక్కో కార్డు మీద ఒక్కో పని. ఏ కార్డు తర్వాత ఏది చెయ్యాలో చూపించే పెద్ద నిచ్చెన బొమ్మ గోడ మీద ఉంటుంది. పిల్ల తను ఏ మెట్టు మీద ఉందో చూసుకుని, తన కార్డు తనే తీసుకుంటుంది. కొందరు టీచర్ దగ్గర కూర్చుంటారు, కొందరు తోటి పిల్లలతో చేస్తారు, కొందరు సొంతంగా చేసుకుంటారు. జ్వరమొచ్చి పది రోజులు మానేసిన పిల్ల తిరిగొస్తే, ఆగిన మెట్టు దగ్గర్నుంచే మొదలుపెడుతుంది. క్లాసు తనని వదిలేసి వెళ్లిపోదు. ఫోన్లో గేమ్ ఆడేవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. నిన్న ఏ లెవెల్లో ఆపామో, ఇవాళ అక్కడే మొదలు.

ఈ పద్ధతి మన పల్లె బళ్ల నుంచి బయల్దేరి కర్ణాటకలో 'నలి కలి'కి, తమిళనాడు ప్రభుత్వ బళ్లలో కృత్యాల ద్వారా నేర్పే విధానానికి దారి చూపింది. కంప్యూటర్లు లేవు, యాప్ లేదు. అట్టముక్కలు, ఒక నిచ్చెన బొమ్మ, పిల్లని నమ్మే టీచరు. అంతే.

మూడు: చదివింది ఊళ్లోకి నడిచి రావాలి

పరవాడలో ఎక్కడ నిలబడినా సింహాద్రి ఎన్టీపీసీ కనిపిస్తుంది. 2,000 మెగావాట్ల థర్మల్ కేంద్రం. పిల్లల్ని "అక్కణ్నుంచి వచ్చేదేంటి?" అని అడిగాను. "పొగ" అన్నారు. సన్నటి పొడవాటి చిమ్నీ నుంచి వచ్చేది పొగే. కానీ పక్కన లావుగా, నడుం సన్నంగా ఉన్న కూలింగ్ టవర్ల నుంచి తెల్లగా లేచేది పొగ కాదు, నీటి ఆవిరి. బొగ్గు మండించి నీళ్లు మరిగిస్తారు, ఆవిరితో టర్బైన్ తిప్పుతారు, ఆ ఆవిరిని మళ్లీ చల్లార్చడానికి సముద్రం నీళ్లు వాడతారు. అక్కడి రిజర్వాయర్ మీద 2021 నుంచి 25 మెగావాట్ల తేలే సోలార్ పలకలు కూడా ఉన్నాయి. పిల్లల పుస్తకంలో బాష్పీభవనం ఉంది, సాంద్రీకరణ ఉంది, శక్తి రూపాలున్నాయి. కిటికీ తీస్తే అవన్నీ బయట ఉన్నాయి. రెండింటికీ మధ్య ఎవరూ గీత గియ్యలేదు, అంతే.

ఇదేదో సరదా కోసం చెప్పడం లేదు. మా ఊళ్లో ఇది ప్రాణాల మీదకొచ్చే విషయం.

ఒక ఆదివారం స్థిర విద్యుత్తు పాఠం. ప్లాస్టిక్ స్కేలు జుట్టుకి రుద్ది కాగితం ముక్కలు లేపుతున్నారు పిల్లలు. నైట్ షిఫ్టు దిగి టీ తాగుతున్న మా బావ చూసి, "మా ప్లాంట్లో సాల్వెంట్ డ్రమ్ములోకి పోసేముందు ఎర్తింగ్ క్లిప్ పెట్టమంటారు. అది దీనికేనా?" అన్నాడు. దీనికే. టాలీన్ లాంటి ద్రవం పైపులో పారుతూ, డ్రమ్ములో పడుతూ రాపిడికి ఆవేశం పోగేసుకుంటుంది. భూమిలోకి పోయే దారి లేకపోతే చిన్న నిప్పురవ్వ చాలు. ఆవిరి అంటుకుంటుంది. బావ పదేళ్లుగా క్లిప్ పెడుతున్నాడు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. హైస్కూల్లో ఇదే పాఠం రెండు మార్కులకి రాశాడు కూడా.

అప్పుడు ఒక అమ్మాయి అడిగింది. "అయితే మా నాన్న పోసినప్పుడు కూడా ఆవేశం వస్తాదేటి?" డాబా మీద ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. ఆ రాత్రి ఆ పిల్ల వాళ్ల నాన్నని క్లిప్ గురించి అడిగిందట. నా లెక్కలో ఆ ఏడాది ఆ పిల్లకి నూటికి నూరు అక్కడే వచ్చేసింది.

మనం మర్చిపోలేని ఇంకో రోజు 2020 మే 7. తెల్లవారుజామున గోపాలపట్నం పక్కన ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరిన్ ఆవిరి ఇళ్లలోకి వచ్చింది. 12 మంది చనిపోయారు. స్టైరిన్ ఫార్ములాలో కార్బన్లు ఎనిమిది, హైడ్రోజన్లు ఎనిమిది. లెక్కేస్తే అణుభారం 104. గాలిది సగటున 29. అంటే ఆ ఆవిరి గాలికన్నా మూడు రెట్లకి పైగా బరువు. నేల బారుగానే పాకుతుంది. అలాంటప్పుడు గాలి వీచే దిక్కుకి అడ్డంగా, ఎత్తుగా ఉన్న చోటుకి వెళ్లాలి. నిద్రలో ఉన్నవాళ్లు ఈ లెక్క తెలిసుంటే బతికేవాళ్లని నేను అనను. ఆ భారం వాళ్ల మీద పెట్టడం అన్యాయం. కానీ అణుభారం లెక్క ఇంటర్ చదివిన ప్రతి పిల్లకీ వచ్చు. ఫ్యాక్టరీల మధ్య బతికే జిల్లాలో ఆ లెక్కని 'ఎటు నడవాలి' అన్న దాకా తీసుకెళ్లని చదువుని పూర్తయిన చదువు అనగలమా?

2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో పేలుడు జరిగి 17 మంది పోయారు. ఆ వారమంతా మా వీధిలో ఒకటే మాట: "పిల్లల్ని ఇటు రానివ్వకూడదు." నిజమే. కానీ అందరూ బయటికి వెళ్లిపోలేరు. కొందరు ఇక్కడే ఆపరేటర్లవుతారు, కెమిస్టులవుతారు, ఇన్‌స్పెక్టర్లవుతారు. ఊరు వదిలి పారిపోవడానికి మాత్రమే పనికొచ్చే చదువు, ఉండిపోయినవాళ్లని ఒంటరిగా వదిలేస్తుంది.

"నీకేటి, చెప్తావు!"

ఈ మూడు మాటలూ చదివి వినిపిస్తే బావ నవ్వాడు. "నీకేటి, చెప్తావు! నీకు ఉద్యోగముంది. నువ్వు కూడా ర్యాంకుల చదువే చదివి, మా పిల్లకి మాత్రం ప్రశ్నలు, నిచ్చెనలు అంటావా? రేపు ఈఏపీసెట్‌లో 'ఏటి' అని రాస్తే సీటిస్తారా?"

దీన్ని తేలిగ్గా తీసెయ్యలేను. పరీక్షలున్నాయి, పోటీ ఉంది. వెనక ఆస్తులు లేనివాళ్లకి ర్యాంకే ఆస్తి. పరీక్షల్ని ఎగతాళి చెయ్యడం కడుపు నిండినవాడి పని. అందుకే నా నోట్స్‌లో 'మార్కులు వద్దు' అన్న మాట ఎక్కడా లేదు.

నేనన్నది వరస గురించి. అర్థమైన పిల్లని చివరి రెండేళ్లలో పరీక్షకి తయారుచెయ్యొచ్చు. పదకొండేళ్లకే పరీక్షకి తయారై, అడగడం మర్చిపోయిన పిల్లకి తర్వాత అడగడం నేర్పించడం చాలా కష్టం. పైగా ఇప్పుడు జవాబు చవకైపోయింది. ఫోన్‌ని అడిగితే ఏఐ క్షణంలో చెప్తుంది. ఒక్కోసారి తప్పు కూడా అంతే ధీమాగా చెప్తుంది. మా ఆఫీసులో ఇప్పుడు విలువంతా, ఆ జవాబు చూసి 'ఇది కుదురుతుందా?' అని అడగగలిగిన మనిషికే. రొట్టె లెక్క కుర్రాడు చేస్తున్నది సరిగ్గా అదే.

బావ పూర్తిగా ఒప్పుకోలేదు. ఎనిమిదో తరగతి దాకా పరవాడలోనే ఉంచి, ఇంగ్లీషు మీద ఇంట్లో రోజూ అరగంట గట్టిగా పనిచేసి, తొమ్మిదిలో మళ్లీ ఆలోచిద్దామన్నాడు. అక్కకి నచ్చింది ఇంకొకటి. రోజూ బస్సులో పోయే రెండు గంటలు మిగులుతాయి. ఆ టైమ్‌లో పాప ఏం చేస్తుందంటే, ప్రస్తుతానికి ఆడుకుంటోంది. నా దృష్టిలో అది కూడా సిలబస్సే.

స్కూలు చూడ్డానికి వెళ్తే ఇవి అడగండి

అక్క రెండు మూడు బళ్లు తిరిగినప్పుడు ఫోన్లో పట్టుకెళ్లిన ప్రశ్నలివి. మీరూ స్క్రీన్‌షాట్ తీసుకోవచ్చు.

మొదటిది, నిన్న క్లాసులో పిల్లలు అడిగిన ప్రశ్న ఒకటి చెప్తారా? రిసెప్షన్లో కాదు, పాఠం చెప్పే టీచర్నే అడగండి. గుర్తున్న టీచర్ మొహం వెలుగుతుంది.

రెండోది, ఇంగ్లీషులో చెప్పలేకపోతే తెలుగులో అడగొచ్చా? అడిగితే ఫైన్ వేస్తారా?

మూడోది, పిల్ల లెక్క తప్పు చేస్తే ఆ తర్వాత ఏం జరుగుతుంది? సరిదిద్దిన నోటు పుస్తకం ఒకటి చూపించమనండి. కొట్టివేతలు మాత్రమే ఉన్నాయా, పక్కన ఏదైనా రాశారా చూడండి.

నాలుగోది, పది రోజులు బడికి రాని పిల్ల తిరిగొస్తే ఎక్కణ్నుంచి మొదలుపెడతారు?

అయిదోది, ఈ ఏడాది పాఠం కోసం పిల్లల్ని గేటు దాటి ఎక్కడికైనా తీసుకెళ్లారా? సినిమాకో పార్కుకో కాదు. చెరువు గట్టుకో, పోస్టాఫీసుకో, సబ్‌స్టేషన్‌కో.

అయిదింటికీ మంచి జవాబిచ్చే బడి దొరకడం కష్టమే. మాకూ దొరకలేదు. పాప చేరిన బళ్లో మూడింటికి దొరికింది. మిగతా రెండూ ఇంట్లో చూసుకోవాలి. అందుకు పెద్ద చదువులేం అక్కర్లేదు. సాయంత్రం పిల్ల ఇంటికి రాగానే "ఎన్ని మార్కులొచ్చాయి?" అనే ముందు "ఇవాళ ఏమడిగావు?" అనండి. మొదటి వారం "ఏం లేదు" అంటుంది. అడుగుతూ ఉండండి.